గాయపడిన పనివాడు కోర్టుకు వెళ్ళవచ్చునా?



ఒక సహోదరి నుండి ఉత్తరము వచ్చినది. ఆమె భర్త హైదరాబాదు శివారులోని ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు క్రింద పని చేస్తాడు. ప్రెస్ మిషను మీద కుడి చేతి వ్రేళ్ళు రెండు మొదలంటా పోయినవి. మిషనుకు ఉండవలసిన గార్డు చాలా రోజులుగా లేదట. ఆసుపత్రి ఖర్చు సగము కాంట్రాక్టరు ఇచ్చాడు. తరువాత, "కేసు గీసు అన్నారంటే ఇక పనిలోకి రానక్కరలేదు" అన్నాడట. వారి సంఘకాపరిని అడిగితే, "విశ్వాసులు కోర్టుకు పోకూడదమ్మా, దేవునికి విడిచిపెట్టండి" అన్నారట. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, మేము కేసు వేస్తే పాపమా?"

ఈ ప్రశ్నకు రేడియోలో నాకిచ్చిన పదిహేను నిమిషములలో జవాబు చెప్పాను గాని అది చాలలేదు. అందుకే ఇక్కడ కొంచెము విడమరచి వ్రాస్తున్నాను. వ్రాసే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సంఘకాపరి చెప్పిన సలహానే ఒకప్పుడు నేనూ చెప్పాను. చెప్పడమే కాదు, సంతకము కూడ పెట్టాను.

అది 2011 సంగతి. నేను సెమినరీ నుండి వచ్చి నాలుగేళ్ళయినది. ప్రకాశం జిల్లాలో ఒక సంఘమును చూసుకుంటున్నాను. మా సంఘ పెద్దలలో ఒకాయనకు గ్రానైటు పలకలు కోసే చిన్న యూనిట్ ఉండేది. ఎనిమిదిమంది పనివారు. వారిలో ఒక సహోదరుడు మా సంఘస్థుడే. వయస్సు 34, నెల జీతము 6,000 రూపాయలు. పలకలను ఆనించి నిలబెట్టే ఇనుప స్టాండుకు అడ్డుగా ఉండే పిన్ను వంగిపోయినది. మార్పించమని పనివారు రెండుసార్లు చెప్పారు. నవంబరులో ఒక ఉదయము లారీ నుండి దించుతున్న పలకలు ఒరిగి అతని ఎడమ కాలి మీద పడినవి. ఒంగోలులో డాక్టర్లు మోకాలి పైకి కాలు తీసివేశారు. ఇంట్లో భార్య, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు.

ఆ పెద్ద దుర్మార్గుడు కాడు. ఇది చెప్పకపోతే మీకు కథ తప్పుగా అర్థమవుతుంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాడు. బిల్లు కట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు మా మందిరము స్లాబుకు సిమెంటంతా ఆయన ఇచ్చినదే. "అయ్యగారూ, మీరే మధ్యన ఉండి ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు. నేను కూర్చున్నాను. 60,000 రూపాయలకు మాట కుదిర్చాను. ఇక మీదట ఏ క్లెయిమూ చేయనని స్టాంపు కాగితము మీద వ్రాయించి, ఆ సహోదరుని చేత సంతకము పెట్టించి, సాక్షిగా నేను సంతకము చేశాను. మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయము చదివి ప్రార్థన చేసి ముగించాను. ఇంటికి వెళ్ళి, సమాధానపరచే పని చేశానని సంతోషించాను కూడ.

ఇప్పుడు ఆ అధ్యాయము సంగతి చూద్దాము. అక్కడ పౌలు ఎవరిని గద్దించాడు? ఒకరినొకరు సహోదరులని పిలుచుకుంటూ, స్వల్ప సంగతుల కోసము అన్యుల న్యాయసభకు ఎక్కినవారిని. గమనించండి. ఆనాటి రోమా పట్టణములలో సివిలు వ్యాజ్యము చాలవరకు స్థితిమంతుల ఆయుధము. తక్కువ స్థితిగలవాడు పై స్థితిగలవాని మీద వ్యాజ్యము వేయుట చాల సందర్భములలో సాధ్యమే కాదు. కాబట్టి కొరింథులో కోర్టుకు ఈడ్చినవాడు బలవంతుడే అయి ఉండవచ్చును. మనము ఆ వాక్యమును తీసి కాలు పోయినవాని నోటికి అడ్డము పెడుతున్నాము. మరొక సంగతి. అన్యాయమును సహించవచ్చును గదా అని పౌలు అన్న వెంటనే, అన్యాయము చేస్తున్నది మీరే, అదీ సహోదరులకే అని రెండవ వైపుకు తిరుగుతాడు. మనము మొదటి మాట చదివి ఆపుతాము.

ఇంకొకటి కూడ ఉన్నది. సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడా అని పౌలు అడిగాడు. అంటే సంఘము న్యాయముగా తీర్పు చెప్పాలి, అప్పుడు కోర్టుతో పని లేదు. నేను చెప్పినది న్యాయమైన తీర్పా? గాయపడినవానికి రావలసినది ఎంతో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. తీర్పు చెప్పిన నా తల మీద ఉన్న స్లాబు ఒక కక్షిదారుడు ఇచ్చినది. అటువంటి న్యాయాధిపతిని లోకపు కోర్టులో కూడ కూర్చోనివ్వరు.

పౌలు స్వయముగా ఏమి చేశాడు? ఫిలిప్పీలో విచారణ లేకుండ కొట్టి చెరసాలలో వేసి, మరునాడు రహస్యముగా పంపివేయబోతే ఒప్పుకోలేదు. అధికారులే వచ్చి బయటికి తీసికొని వెళ్ళాలన్నాడు. కైసరయలో ఫేస్తు ముందు తనకున్న పౌరహక్కును వాడుకొని కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. చట్టము ఇచ్చిన హక్కును అడగడము అవిశ్వాసమని ఆయన అనుకోలేదు.

ఇక యజమాని అజాగ్రత్త విషయములో ధర్మశాస్త్రము ఎంత స్పష్టముగా ఉన్నదో చూడండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలి, లేకపోతే పడినవాని రక్తము ఆ ఇంటి మీదికి వస్తుంది (ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము). నిర్గమకాండము 21లో పొడిచే ఎద్దు సంగతి ఉన్నది. ఎద్దు మొదటిసారి పొడిస్తే యజమానికి ఒక లెక్క. అది పొడిచేదని ముందే తెలిసి, చెప్పినా కట్టివేయక, అది మరల పొడిస్తే వేరే లెక్క. వంగిన పిన్ను గురించి రెండుసార్లు చెప్పారని విన్నప్పుడు నాకు ఈ ఎద్దు గుర్తుకు రాలేదు. వచ్చి ఉండవలసినది. అదే అధ్యాయములో, ఒకని కొట్టి మంచము పట్టించినవాడు అతని పని పోయిన దినములకు సొమ్ము ఇచ్చి, పూర్తిగా బాగుచేయించాలని కూడ ఉన్నది. ఆ పని పోయిన కాలమునకు లెక్క కట్టడమే ఈనాటి పరిహార చట్టము చేసేది.

ఇప్పుడు చట్టము చూద్దాము. నేను వకీలును కాను. ఆ కుటుంబముతో తిరిగి తిరిగి నేర్చుకొన్నది చెబుతున్నాను.

మనలో చాలమంది, కేసు అంటే యజమానిని దోషిగా నిలబెట్టడము అనుకుంటారు. నష్టపరిహారము విషయములో అది నిజము కాదు. పూర్వము ఇంగ్లాండులో గాయపడిన పనివాడు యజమాని తప్పును ఋజువు చేయవలసి వచ్చేది. తోటి పనివాని పొరపాటు వలన దెబ్బ తగిలితే యజమానికి బాధ్యతే లేదని 1837లో ఒక తీర్పు కూడ వచ్చినది. ఈ అన్యాయమును సరిచేయడానికే 1897లో అక్కడ, 1923లో మన దేశములో పనివారి పరిహార చట్టములు వచ్చినవి. వీటి సారాంశము ఇది: పని కారణముగా, పని సమయములో ప్రమాదము జరిగితే చాలు, యజమాని తప్పు ఉన్నదా లేదా అని అడగరు. పని చేయించుకొని లాభము పొందేవాడు ఆ పనిలో విరిగిన ఎముక భారమును కూడ మోయాలి. అందులో పగ లేదు, నింద లేదు. జీతము అడిగినట్టే ఇదీ అడగడము.

1923 నాటి ఆ చట్టము స్థానములో 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమలులోనికి వచ్చినది. ముఖ్యమైన సూత్రములు మారలేదు. అంతకు ముందు జరిగిన ప్రమాదములకు పాత చట్టము ఇచ్చిన హక్కు పోలేదు. ఇంటి నుండి పనికి వెళ్ళేటప్పుడు, పని నుండి ఇంటికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదమును కూడ, సమయము, స్థలము పనికి సంబంధించినవైతే, లెక్కలోనికి తీసికోవాలని కోడ్ స్పష్టముగా చెబుతున్నది.

లెక్క ఎట్లా కడతారు? మరణమైతే నెల జీతములో సగము, శాశ్వతముగా ఏ పనీ చేయలేని స్థితి అయితే నెల జీతములో 60 శాతము తీసికొని, వయస్సును బట్టి పట్టికలో ఇచ్చిన అంకెతో హెచ్చవేస్తారు. వయస్సు 34 అయితే ఆ అంకె 199.40. లెక్కకు తీసికొనే జీతమునకు ప్రభుత్వము ఒక పరిమితి పెడుతుంది. 2010లో అది 8,000, 2020 జనవరి నుండి 15,000 రూపాయలు చేశారు. అవయవము పోతే, ఏ అవయవమునకు ఎంత శాతమో మరొక పట్టికలో ఉంటుంది.

నేను కుదిర్చిన ఒప్పందమును ఈ లెక్కతో పోల్చి చూడండి. 6,000 జీతములో 60 శాతము 3,600. దానిని 199.40తో హెచ్చవేస్తే 7,17,840. అతని కాలు తెగిన చోటుకు పట్టికలో 60 శాతము. అంటే 4,30,704 రూపాయలు. నేను ప్రార్థన చేసి ఇప్పించినది 60,000.

మీలో కొందరు అనవచ్చును, "అయ్యగారూ, తనకు రావలసిన దానిని విడిచిపెట్టుట క్రైస్తవ గుణము కాదా?" అవును. తనకు రావలసిన దానిని. ఆ 4,30,704లో అతని భార్యది ఉన్నది, పిల్లల చదువు ఉన్నది. వారిది విడిచిపెట్టడానికి అతనికే పూర్తి హక్కు లేదు, నాకు అసలే లేదు. క్షమించడము హృదయములో జరిగేది. అది ఆ సహోదరుడు ఆసుపత్రి మంచము మీదనే చేశాడు, నేను చూశాను. పరిహారము వేరు. క్షమించినవాడు కూడ కాలు లేకుండానే లేస్తాడు. బియ్యము కొనాలి.

రెండేళ్ళ వరకు నాకు ఇవేవీ తెలియవు. 2013 సెప్టెంబరులో మా మండలములో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. బడి హాలు దొరకక మా మందిరము అడిగారు, ఇచ్చాను. ముగిసిన తరువాత ఒక లాయరు గారితో మాటల మధ్యలో ఈ సంగతి చెప్పాను. కొంచెము గొప్పగానే చెప్పాను, కోర్టు లేకుండ తేల్చామని. ఆయన, "ఆ కాగితము లేబరు కమీషనరు దగ్గర రిజిస్టరు అయినదా?" అన్నారు. లేదన్నాను. అటువంటి కాగితము పూర్తి పరిహారమునకు అడ్డము రాదనీ, హక్కు వదులుకొంటున్నానని వ్రాసిన మాట చెల్లదనీ, రిజిస్టరు చేసేటప్పుడు సొమ్ము తక్కువగా ఉన్నదేమో అధికారి చూస్తాడనీ, అధికారి వేరుగా ఆదేశిస్తే తప్ప ఇచ్చిన 60,000లో సగమునకు మించి మినహాయించరనీ చెప్పారు. చివరకు, "ప్రమాదము తేదీ ఏది?" అన్నారు. క్లెయిము వేయడానికి గడువు రెండు సంవత్సరములు. సరియైన కారణము చూపితే ఆలస్యమును మన్నించవచ్చును గాని, దానిని నమ్ముకోకూడదన్నారు. మిగిలినది ఏడు వారములు.

ఆ రాత్రి వారి ఇంటికి వెళ్ళి చెప్పాను. సహోదరుడు తల వంచుకొని, "పెద్దాయన మొగము ఎట్లా చూడాలి అయ్యగారూ" అన్నాడు. అతని భార్య పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చినది. "ఆయన కాలు సంగతి మీరందరూ కలిసి క్షమించేశారు. పిల్లల ఫీజు సంగతి మాత్రము ఎవరూ అడగలేదు" అన్నది. నా జీవితములో విన్న గద్దింపులలో అది ఒకటి.

మొదట మేము ఆ పెద్ద దగ్గరికే వెళ్ళాము. మత్తయి 18లో ప్రభువు చెప్పిన క్రమము అదే. ముందు ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురితో. నేను ఒక్కడినే వెళ్ళి, నేను చేసినది తప్పని చెప్పాను. రెండవసారి లాయరు గారిని తీసికొని వెళ్ళాను. చట్టప్రకారము లెక్క కట్టి అధికారి దగ్గర రిజిస్టరు చేయిద్దాము, కేసే అక్కరలేదని అడిగాము. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, మీ తల మీద ఉన్న స్లాబు ఎవరిదో ఒకసారి చూసుకోండి" అన్నాడు. నవంబరు మొదటి వారములో ఒంగోలులో క్లెయిము దాఖలు చేశాము.

2016లో తీర్పు వచ్చినది. కాగితము మీద నా సంతకము గురించి నన్ను కూడ విచారించారు. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. అక్కడే ఒక సంగతి తెలిసినది. ఆ యూనిట్ కు పనివారి పరిహారపు ఇన్సూరెన్సు పాలసీ ఉన్నది! అయితే ఎనిమిదిమందికి బదులు నలుగురికే ప్రీమియము కట్టారు. అది బయటపడుతుందని ఆయన భయము. మేము 60,000 దగ్గర బేరమాడుతున్న రోజున ఇన్సూరెన్సు వారికి ఒక ఉత్తరము వ్రాసి ఉంటే చాలవరకు వారే ఇచ్చేవారు. ఆ నలుగురిలో ఇతడున్నాడా లేడా అని కంపెనీ నెలల తరబడి వాదించి, చివరకు అసలు, 12 శాతము వడ్డీ చెల్లించినది. సొమ్ము సకాలములో ఇవ్వని యజమాని మీద ఆ వడ్డీతో పాటు పరిహారములో సగము వరకు జరిమానా వేసే అధికారము కూడ చట్టములో ఉన్నది. సాధారణముగా ఆ జరిమానా యజమాని జేబులో నుండే పోవాలి. కాబట్టి ఇది చదువుతున్న యజమానులారా, ప్రమాదము జరిగిన రోజుననే మీ పాలసీ తీసి చూడండి. మీ పనివారెందరో అందరికీ కట్టండి.

మా లాయరు గారు 60 శాతము కాదు, 100 శాతము ఇవ్వాలని వాదించారు. దానికి ఆధారమైన సుప్రీంకోర్టు తీర్పు తెలుసుకోదగినది. 1968 జూలైలో ఒరిస్సాలో ఒక వడ్రంగి సినిమా హాలులో అలంకారపు పని చేస్తూ పడిపోయి ఎడమ చేయి పోగొట్టుకొన్నాడు. యజమాని ఒప్పుకోలేదు, పై కోర్టుల దాక వెళ్ళాడు. 1975 డిసెంబరు 4న సుప్రీంకోర్టు తేల్చినది: వడ్రంగి ఒంటి చేతితో వడ్రంగము చేయలేడు గనుక అతనికి జరిగిన నష్టము నూటికి నూరుపాళ్ళు. పరిహారము బాకీ పడేది తీర్పు వచ్చిన రోజున కాదు, దెబ్బ తగిలిన రోజుననే. ఆ వడ్రంగికి 9,800 పరిహారము, దానిలో సగము జరిమానా, వడ్డీ కలిపి 15,092 రూపాయలు నిలిచినవి. పట్టికలోని శాతము ఒక్కటే చూడకూడదు, ఆ మనిషి ఏ పని చేసి బ్రతికేవాడో చూడాలని దీని అర్థము. మా విషయములో అధికారి అంతవరకు రాలేదు. పై కోర్టుకు వెళ్ళే ఓపిక మాకు లేకపోయినది. పలకలు మోసేవాడు ఒంటి కాలితో ఎట్లా మోస్తాడని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అతడు జైపూరు కాలు పెట్టించుకొని చిన్న కిరాణా అంగడి పెట్టుకొన్నాడు. పిల్లలు చదువుకొన్నారు. ఇది ఒక వైపు. రెండవ వైపు కూడ చెప్పాలి. ఆ పెద్ద కుటుంబము, వారితో మరి రెండు కుటుంబములు మా సంఘమును విడిచి వెళ్ళాయి. తరువాత ఒక పెండ్లిలో నేను నమస్కారము చేస్తే ఆయన తల త్రిప్పుకొన్నాడు. మందిరము పై అంతస్తు ఇప్పటికీ కట్టలేదు. కేసు వేస్తే ఏమీ పోదని నేను మీకు చెప్పను. పోతుంది. ఏమి పోతుందో ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలి, గోపురము కట్టేవాని వలె.

ఇప్పుడు ఉత్తరము వ్రాసిన సహోదరీ, మీ సంగతికి వస్తాను. మీ కాంట్రాక్టరు మన సంఘస్థుడు కాడు, కనుక కొరింథీ పత్రికలోని ఆ మాట మీకు అసలు వర్తించదు. ముందు మీ భర్త జీతపు చీటీ తీసి, ఈఎస్ఐ అని ఏమైనా కోసుకొంటున్నారేమో చూడండి. పదిమంది, అంతకు మించి పనివారున్న చోట, 2017లో పెట్టిన పరిమితి ప్రకారము నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ ఉండాలి. అది ఉంటే మీకు కోర్టు ప్రశ్నే చాలవరకు లేదు. పరిహారము యజమాని కాదు, ఈఎస్ఐ వారే ఇస్తారు, యజమానిని వేరుగా పరిహారము అడగడానికి చట్టము ఒప్పుకోదు. ఒక చేతి రెండు వ్రేళ్ళకు పట్టికలో 20 శాతము. పూర్తి రేటు సగటు జీతములో 90 శాతము గనుక, రోజుకు 600 రూపాయల జీతమైతే పూర్తి రేటు 540, అందులో 20 శాతము 108 రూపాయలు, రోజుకు, జీవితాంతము. యజమాని చందా ఎగవేసినా పనివాని హక్కు పోదు, అతని దగ్గర వసూలు చేసుకోవడము ఈఎస్ఐ వారి పని. మీ ప్రాంతపు బ్రాంచి ఆఫీసులో అడగండి.

ఈఎస్ఐ లేకపోతే లేబరు ఆఫీసులో క్లెయిము వేయాలి. కాంట్రాక్టరు నన్నడగవద్దు అంటే ఫ్యాక్టరీవారిని అడగవచ్చును. అసలు యజమాని చెల్లించి, తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని చట్టము. ఆసుపత్రిలో అయిన ఖర్చు పరిహారము నుండి తీయరు, అది వేరుగా ఇవ్వవలసినదే. కాబట్టి మందుల బిల్లులు పారవేయవద్దు. సదరం సర్టిఫికెట్ ఉంటే మంచిదే గాని అది పెన్షను కోసము. పరిహారమునకు, సంపాదించే శక్తి ఎంత తగ్గినదో చెప్పే లెక్క వేరు. ప్రమాదము చూసిన ఇద్దరి పేర్లు, మిషను ఫొటో, ఆసుపత్రి చేరిక కాగితము, జీతము బ్యాంకులోనో ఫోనులోనో పడిన వివరములు దగ్గర పెట్టుకోండి. గార్డు మీ ఆయనే తీశాడని వారు అనవచ్చును. అతడు కావాలని తీసివేశాడని ఋజువైతే మీ క్లెయిముకు దెబ్బే. మరణములోను, పూర్తి అంగవైకల్యములోను ఆ వాదము పనికి రాదు గాని, వ్రేళ్ళ విషయములో పనికి వస్తుంది. అందుకే గార్డు ఎప్పటి నుండి లేదో తెలిసిన తోటివారి మాట మీకు ముఖ్యము.

యజమాని అజాగ్రత్త మీద సివిలు కోర్టులో నష్టపరిహారపు దావా వేయడమనే దారి కూడ ఉన్నది. అక్కడ సొమ్ము ఎక్కువ రావచ్చును, కాని తప్పును ఋజువు చేయాలి, సంవత్సరములు పడుతుంది. రెండు దారులలో ఒకటే ఎన్నుకోవాలి, రెండూ పట్టుకోనివ్వరు. పోలీసు ఫిర్యాదు వీటన్నిటికి వేరు. అది శిక్ష కోసము. ఆ గార్డు ఇంకా పెట్టలేదంటే, రేపు ఇంకొకని చేయి పోకుండ ఫిర్యాదు చేయడము అవసరమని నా అభిప్రాయము. గార్డు పెట్టి ఉంటే, మీ భర్త మనస్సు ఎట్లా చెబితే అట్లా చేయవచ్చును. ఇందులో నేను మిమ్మల్ని తొందరపెట్టను.

ఫీజుకు భయపడవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, ఆదాయముతో పని లేకుండ, 1987 నాటి న్యాయ సేవాధికార చట్టము క్రింద ఉచితముగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

2024 ఆగస్టులో అచ్యుతాపురములో 17 మంది పోయినప్పుడు, 2025 జూన్ లో పాశమైలారములో 50 మందికి పైగా పోయినప్పుడు మంత్రులు వచ్చారు, కోటి రూపాయల ప్రకటనలు వచ్చినవి. అది కావలసినదే. రెండు వ్రేళ్ళు పోయిన ఒక్క మనిషి ఇంటికి మాత్రము ఎవరూ రారు. అతడే వెళ్ళి అడగాలి. అతనితో వెళ్ళడానికి ఒక సంఘకాపరి ఉంటే బాగుంటుంది. మీ సంఘకాపరి గారికి ఈ పత్రిక చూపించండి. నా తప్పు చదివిన తరువాత ఆయన మీతో లేబరు ఆఫీసు దాక వస్తారేమో.

పని పోతుందన్న భయమునకు నా దగ్గర సులువైన జవాబు లేదు. కాంట్రాక్టు పనివానిని రేపటి నుండి రావద్దనడము వారికి ఒక్క మాట పని. కాని ఒకటి ఆలోచించండి. రెండు వ్రేళ్ళు లేనివానిని ఆ ప్రెస్ మిషను మీద వారు ఎన్నాళ్ళు ఉంచుకొంటారు? పనిలో ఉంచుతామని, పరిహారము ఇంత ఇస్తామని వారు వ్రాసి ఇచ్చి అధికారి దగ్గర రిజిస్టరు చేస్తే, కేసు లేకుండానే ముగించండి, సంతోషము. తెల్ల కాగితము మీద మాత్రము సంతకము పెట్టవద్దు.

సహోదరీ, మీరు రెండు పేజీలు వ్రాశారు గాని ప్రమాదము జరిగిన తేదీ ఎక్కడా వ్రాయలేదు. ఆసుపత్రి చీటీ మీద ఉంటుంది. ఈ రోజే తీసి చూడండి. ఆ తేదీ నుండి రెండు సంవత్సరములు.